చక్రానికీ బ్రేకుకీ నడుమ

బండి ఆగాలంటే చక్రాన్ని ఏదో ఒకటి పట్టుకోవాలి. ఏది పట్టుకోవాలి అన్న ప్రశ్నకు తొలినాటి మోటారు కార్లు ఇరవై ఏళ్ళపాటు జవాబు వెతికాయి. వెతికినంత కాలం కీచుమని అరుస్తూనే ఉన్నాయి. తోలు, పాత బూటు, నూలు, రాగి, చివరికి రాతినార. ఒక శబ్దాన్ని మాన్పడానికి మనుషులు పడ్డ పాట్లూ, ఆ శబ్దం మానినందుకు వేరెవరో చెల్లించిన వెలా కలిసిన యథార్థ గాథ ఇది.

బర్మింగ్‌హామ్ వాలులో

ఇరవయ్యో శతాబ్దం అప్పుడే కళ్ళు తెరిచింది. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ శివార్లలో వాలుగా ఉన్న ఒక మట్టిరోడ్డు. వానలు లేక చాలా రోజులైంది. బండి చక్రం తిరిగితే చాలు, దుమ్ము లేస్తోంది.

ఆ వాలు మీద ఒక మోటారు కారు దిగుతోంది. ముందు భాగంలో ఇంజను పెట్టె లేదు. నడిపేవాడు అందరికన్నా ముందు కూర్చున్నాడు, పడవ వాడి చేతిలో చుక్కాని ఉన్నట్టు అతని చేతిలో ఒక అడ్డకర్ర ఉంది. అప్పటి మోటార్లన్నీ దడదడలాడుతూ పళ్ళు కదిలిపోయేలా నడిచేవి. ఈ కారు మాత్రం గుట్టుగా, మెత్తగా దిగుతోంది. ఎదురుగా పాల బండి వస్తోంది. నడిపేవాడు బ్రేకు వేశాడు.

అంతే. ఇనుప పలక మీద మేకుతో గీసినట్టు ఒక కీచు. పాల బండి గుర్రం ముందు కాళ్ళు పైకెత్తింది. వరండాలో కూర్చున్న ముసలామె రెండు చెవులూ మూసుకుంది. కారు ఆగింది, కీచూ ఆగింది. కానీ విన్నవాళ్ళ వెన్నులో జలదరింపు ఇంకా తగ్గలేదు.

"ఎక్కడిదిరా ఆ చప్పుడు?" అన్నాడు నడిపేవాడు, వెనక కూర్చున్న కుర్రాడితో.

"వెనక చక్రం దగ్గరే అయ్యా. బిళ్ళని పట్టుకుంటుందే, ఆ దవడ దగ్గర."

"నిన్ననేగా విప్పి తుడిచావు?"

"తుడిచాను అయ్యా. బిగించాను కూడా. రాగి ముక్క అప్పుడే సగం అరిగిపోయింది. పోనీ, కాస్త నూనె వెయ్యమంటారా?"

"నూనె వేస్తే చప్పుడుతో పాటు బ్రేకూ పోతుంది. అప్పుడు ఆ గుర్రం మీదికే వెళ్ళేవాళ్ళం."

ఈ ఇద్దరు మనుషులూ, వాళ్ళ మాటలూ నేను అల్లినవి. ఆ కారు, ఆ బిళ్ళ, ఆ రాగి, ఆ కీచు మాత్రం నిజం. ఆ బ్రేకును కనిపెట్టినవాడు ఫ్రెడరిక్ విలియం లాంచెస్టర్. ఇంగ్లండు మోటారు చరిత్రలో ఆయనంత మేధావి అరుదు. ఆయన పడ్డ చిక్కు అర్థం కావాలంటే ముందు ఒక తల్లి చేసిన ప్రయాణం దగ్గరికి వెళ్ళాలి.

తోలు

1888 ఆగస్టు. జర్మనీలోని మాన్‌హైమ్‌లో తెల్లవారుజామున బెర్తా బెంజ్ ఇంటి తలుపు మెల్లగా వేసి బయటికి వచ్చింది. వయసు 39. వెంట పదిహేనేళ్ళ ఆయిగన్, పదమూడేళ్ళ రిచర్డ్. భర్త కార్ల్ బెంజ్ ఇంకా నిద్రలోనే ఉన్నాడు. ఆయన తయారుచేసిన మూడు చక్రాల మోటారు బండిని ముగ్గురూ కలిసి బయటికి తోశారు. వెళ్ళాల్సింది ఆమె పుట్టింటికి, ఫోర్జ్‌హైమ్‌కు. దూరం సుమారు 106 కిలోమీటర్లు. అంత దూరం అప్పటివరకు ఏ మోటారు బండీ వెళ్ళలేదు.

దారిలో ఆమె చేసిన మరమ్మతులు ఇవాళ జర్మనీలో పిల్లలకు కూడా తెలుసు. వీస్‌లోఖ్ ఊళ్ళో మందుల దుకాణంలో ఇంధనం కొన్నది. గొట్టానికి ఏదో అడ్డుపడితే టోపీ పిన్నుతో పొడిచి తీసింది. ఒరుసుకుపోతున్న తీగకు తన మేజోడు పట్టీ చుట్టింది. వీటన్నిటిలోకీ నాకు గొప్పగా తోచేది మాత్రం ఆమె బావ్‌ష్లాట్ అనే ఊళ్ళో ఆగడం.

ఎక్కేటప్పుడు బండిని తోసేందుకు పిల్లలు ఉన్నారు. దిగేటప్పుడు బండిని ఆపేందుకు ఉన్నవి రెండు చెక్క దిమ్మెలే. మీట లాగితే అవి చక్రాలను అదుముతాయి. గుర్రపు బండికి ఆ ఏర్పాటు సరిపోయేది, ఎందుకంటే ముందు గుర్రం కూడా కాళ్ళు తన్నిపెట్టి ఆగేది. మోటారుకు ఆ సాయం లేదు. దిగిన ప్రతి వాలుకూ చెక్క అరుగుతూ వచ్చింది. బావ్‌ష్లాట్ చేరేసరికి ఇక దాన్ని నమ్మే పరిస్థితి లేదు.

బెర్తా చెప్పులు కుట్టే పనివాడి దగ్గర బండి ఆపింది. ఆ దిమ్మెల మీద తోలు కొట్టించింది. చెప్పు అడుగున కొట్టే తోలే, చెప్పుకు కొట్టే మేకులతోనే. లోకంలో బ్రేకు లైనింగు అనదగిన మొదటి వస్తువు అదేనని మోటారు చరిత్ర రాసినవాళ్ళు చాలామంది ఒప్పుకుంటారు.

ఆమె చేసింది చిన్న పనిలా కనిపిస్తుంది. కానీ ఆలోచన పెద్దది. చక్రాన్ని మరింత గట్టిగా అదమాలని ఆమె అనుకోలేదు. అదిమే చోట నడుమ ఏముండాలి అని అడిగింది. తర్వాత ముప్పై ఏళ్ళు ఇంజనీర్లందరూ అడిగిన ప్రశ్న ఇదే. తోలు పట్టుకుంటుంది, అరవదు. చెక్క కన్నా నిదానంగా అరుగుతుంది. కానీ వేడెక్కితే కమురుతుంది, నూనె తగిలితే జారుతుంది. గంటకు పదహారు కిలోమీటర్ల బండికి అది చాలు. వేగం పెరుగుతున్న కొద్దీ తోలు ఓడిపోతూ వచ్చింది.

పాత బూటు

తొమ్మిదేళ్ళు గడిచాయి. ఇంగ్లండులోని డర్బీషైర్ కొండల్లో కూంబ్స్ అనే పల్లె. అక్కడి రోడ్లు ఎక్కడమో దిగడమో తప్ప చదునుగా ఉండవు. రైతుల గుర్రపు బండ్లు సరుకుతో వాలు దిగుతుంటే ఇనుప పట్టా వేసిన చక్రానికీ చెక్క బ్రేకుకీ మధ్య పుట్టే రొద లోయంతా వినిపించేది.

హెర్బర్ట్ ఫ్రూడ్ అక్కడే ఉండేవాడు. 1864లో పుట్టాడు. ఆ బండివాళ్ళు చేసే ఒక పని అతని కంట పడింది. అరిగిన పాత బూటును వాళ్ళు బ్రేకు దిమ్మెకు కొట్టుకునేవారు. బావ్‌ష్లాట్‌లో బెర్తా చేయించిన పనిని ఈ కొండల్లో రైతులు తమంతట తామే చేసుకుంటున్నారు. బూటు తగిలించిన బండి మిగతావాటికన్నా త్వరగా ఆగుతోంది, తక్కువ అరుస్తోంది.

రైతుకు అది చాలు. ఫ్రూడ్‌కు చాలలేదు. పాత బూటు చేసే పనిని అంతకన్నా బాగా చేసే వస్తువు ఏదైనా ఉంటుందా అని వెతకడం మొదలుపెట్టాడు. 1897లో ఇంటి తోటలో ఒక పాక వేసుకున్నాడు. పక్కన పారే వాగు నీటితో చక్రం తిరిగేలా ఏర్పాటు చేశాడు. తిరిగే చక్రానికి ఒక్కొక్క దిమ్మెనే ఆనించి, ఏది ఎంత పట్టుకుంటోంది, ఏది ఎంత అరుగుతోంది, ఏది మాడుతోంది అని చూసేవాడు. బ్రేకు లైనింగులకు ప్రయోగశాల అంటూ ఏదైనా ఉంటే దాని పుట్టుక ఆ వాగు ఒడ్డునే.

నూలు గుడ్డను పొరలు పొరలుగా పేర్చి, తారు, బంక లాంటివాటిలో నానబెట్టి, గట్టిగా అదిమి దిమ్మెలు చేశాడు. గుర్రపు బండ్లకు అవి బ్రహ్మాండంగా పనిచేశాయి. 1902 నాటికి పని పక్కనే ఉన్న చాపెల్-ఎన్-లె-ఫ్రిత్ ఊరికి మారింది. తర్వాత తన ఇంటిపేరులోని అక్షరాలను తారుమారు చేసి, భార్య ఎలిజబెత్ పేరులోని మొదటి అక్షరం కలిపి సరుకుకు ఒక పేరు పెట్టాడు. ఫెరోడో. మన ఊళ్ళలో కూడా మోటారు విడిభాగాల దుకాణాల్లో ఆ పేరు ఉన్న పెట్టెలు చూసినవాళ్ళు చాలామందే ఉంటారు. ఆ పేరు వెనక ఒక భార్య, ఒక వాగు, ఒక పాత బూటు ఉన్నాయి.

అయితే మోటారు వేరు. అప్పటి ఇంగ్లండులో మోటార్లకు వేగ పరిమితి గంటకు 12 మైళ్ళుగా ఉండేది. 1903లో వచ్చిన చట్టంతో అది 20 మైళ్ళయింది. అంకెలు చూస్తే పెద్ద తేడా అనిపించదు. కానీ బండిలో ఉండే శక్తి వేగానికి వర్గంగా పెరుగుతుంది. అంటే 12 నుంచి 20కి వెళ్ళేసరికి బ్రేకు మింగాల్సిన శక్తి దాదాపు మూడింతలు. ఆ శక్తి అంతా వేడిగా మారేది చక్రానికీ బ్రేకుకీ నడుమ ఉన్న ఆ కాస్త చోటులోనే. నూటయాభై డిగ్రీలు దాటితే నూలు మాడడం మొదలవుతుంది. మాడిన నూలు పట్టుకోదు.

రాగి

ఇప్పుడు లాంచెస్టర్ దగ్గరికి వద్దాం.

1868లో లండన్‌లో పుట్టాడు. ఆయన తొలి కారు 1896లో రోడ్డెక్కింది. 1899లో తమ్ముడు జార్జ్‌తో, అన్నదమ్ముల్లో మరొకడైన ఫ్రాంక్‌తో కలిసి బర్మింగ్‌హామ్‌లో కంపెనీ నడిపాడు. ఇతరులు గుర్రపు బండికి ఇంజను తగిలిస్తే, ఆయన కారును కారుగా మొదటి నుంచి ఆలోచించాడు. ముఖ్యంగా అదురు అంటే ఆయనకు పడేది కాదు. ఒకదాని కుదుపును మరొకటి మింగేలా ఎదురెదురు దిశల్లో తిరిగే రెండు క్రాంకు ఇరుసులతో ఇంజను చేశాడు. తర్వాతి కాలంలో ఇంజన్ల వణుకును చంపే పరికరాలు ఆయన పేరుతోనే ప్రసిద్ధికెక్కాయి. అదురు మీద అంత పగబట్టిన మనిషి బ్రేకే గట్టిగా అరిచింది.

1902లో ఆయన పేటెంటు తీసుకున్న బ్రేకు చూడడానికి చాలా సరళం. చక్రంతో పాటు ఒక పల్చని లోహపు బిళ్ళ తిరుగుతుంది. దాని అంచును రెండు వైపుల నుంచీ దవడలు పట్టుకుంటాయి. సైకిలు బ్రేకు రిమ్మును పట్టుకున్నట్టే. బిళ్ళ బయటికి ఉంటుంది కనుక గాలి తగులుతుంది, వేడి త్వరగా పోతుంది. ఇవాళ మన ఇళ్ళ ముందున్న మోటారు సైకిళ్ళకూ కార్లకూ ఉన్న డిస్క్ బ్రేకు ఇదే. అదే సంవత్సరం ఫ్రాన్సులో లూయీ రెనో డ్రమ్ము బ్రేకుకు రూపం ఇచ్చాడు. అందులో పట్టుకునే ముక్కలు, అంటే షూలు, చక్రంతో పాటు తిరిగే డ్రమ్ము లోపల దాక్కుంటాయి. లాంచెస్టర్ ఆలోచన అంతకన్నా మేలైనది. కానీ దవడలకు ఏం పెట్టాలి?

తోలు కమురుతుంది. నూలు మాడుతుంది. వేడికి నిలిచేవి లోహాలే. వాటిలో కాస్త మెత్తనిది, వేడిని చకచకా లాగేసేది రాగి. ఆయన రాగినే పెట్టాడు. కాగితం మీద ఆ లెక్కలో తప్పు లేదు. రోడ్డు మీదికి వచ్చేసరికి రెండు దోషాలు బయటపడ్డాయి. ఒకటి దుమ్ము. ఆనాటి రోడ్ల ఇసుక బిళ్ళకూ రాగికీ మధ్య చేరి, ఆకురాయిలా రాగిని తినేసింది. రెండోది ఆ కీచు.

ఎందుకు అరుస్తుంది?

మన పల్లెల్లో బండి ఇరుసు కీచుమంటే రైతు ఏం చేస్తాడు? కందెన వేస్తాడు. బావి గిలక కిర్రుమంటే చుక్క ఆముదం వేస్తాం. తలుపు బందుకూ అదే వైద్యం. రాపిడి వల్ల వచ్చే రోగానికి రాపిడి తగ్గించడమే మందు. ఒక్క బ్రేకుకే ఆ మందు పనికిరాదు. రాపిడే దాని ఉద్యోగం. రాపిడి ఉండాలి, అరుపు ఉండకూడదు. వందేళ్ళకు పైగా ఇంజనీర్లను వేధించిన చిక్కు ఇదే.

తడి వేలితో గాజు గ్లాసు అంచు మీద మెల్లగా రాసి చూడండి. వేలు ఒక క్షణం అతుక్కుంటుంది, మరుక్షణం జారుతుంది, మళ్ళీ అతుక్కుంటుంది. వయొలిన్ కమాను కింద తీగ చేసేదీ అదే. ఆగి ఉన్నప్పుడు పట్టు ఎక్కువ, జారుతున్నప్పుడు పట్టు తక్కువ. ఆ తేడా వల్ల అతుక్కోవడం, జారడం సెకనుకు వందల, వేలసార్లు జరుగుతుంది. గ్లాసు గొంతెత్తుతుంది, తీగ పాడుతుంది. మన చెవి అన్నిటికన్నా సున్నితంగా వినేది సెకనుకు రెండు వేల నుంచి ఐదు వేల అదుర్ల మధ్య. బ్రేకు కీచు తరచుగా సరిగ్గా అక్కడే పడుతుంది. అందుకే చాక్‌పీసు జారిన చప్పుడులా అది ఒంట్లోకి దూరుతుంది.

లాంచెస్టర్ బిళ్ళ పల్చని లోహం. గుడిలో కొట్టే జేగంట కూడా అలాంటి పలకే. దాని అంచును రాగితో రాపాడిస్తే మోగక ఏం చేస్తుంది? జేగంటను మోగించి వేలు ఆనిస్తే నోరు మూసుకుంటుంది, ఎందుకంటే మెత్తని వేలు దాని అదురును మింగేస్తుంది. రాగి మెత్తనిదే, కానీ లోహాల్లో మెత్తనిది. అదురును మింగదు, అందుకుని ఇంకా పెంచుతుంది. కావలసింది వేలు లాంటి వస్తువు. బిళ్ళను పట్టుకోవాలి, దాని అదురును తనలోకి లాగేసుకోవాలి, రాగిలా వేడికి నిలవాలి.

రాతినార

అలాంటి వస్తువు భూమిలో ఉంది. రాయే, కానీ దూదిలా పీచు పీచుగా విడిపోతుంది. నూలులా వడకవచ్చు, గుడ్డలా నేయవచ్చు. నిప్పులో వేస్తే కాలదు. గ్రీకులు దాన్ని ఆరనిది అనే అర్థం వచ్చే పేరుతో పిలిచారు. ఆస్‌బెస్టాస్. తెలుగులో మన పెద్దలు అంతకన్నా సూటిగా రాతినార అన్నారు. మన కడప జిల్లాలో పులివెందుల ప్రాంతం ఆ ఖనిజానికి పేరుపొందిన చోటే.

నూలు మాడుతోందన్న బెంగతో ఉన్న ఫ్రూడ్ ఆ నార వైపు తిరిగాడు. పొరలు అవే, బంకలో నానబెట్టడం అదే, నూలు స్థానంలో రాతినార. 1907లో లాంచెస్టర్ తరహా బ్రేకు దవడలకు రాగి బదులు రాతినార లైనింగు వచ్చింది. కీచు పోయింది.

ఆ నార వేల పీచుల ముద్ద కనుక బిళ్ళ అదురును మింగేస్తుంది. పైగా అది ఒక్కసారిగా అతుక్కుని ఒక్కసారిగా వదలదు. పట్టు సమంగా ఉంటుంది. వేడికి కరగదు, కమరదు. దుమ్ముకు కూడా రాగి కన్నా బాగా ఓర్చుకుంటుంది. ఇరవై ఏళ్ళుగా వెతుకుతున్న మూడు గుణాలూ ఒక్క వస్తువులో దొరికాయి. చాపెల్-ఎన్-లె-ఫ్రిత్‌లో ఆ రోజు ఎంత సంతోషించి ఉంటారో ఊహించగలను. కొద్ది ఏళ్ళలోనే రాతినార లైనింగు మోటారు లోకమంతటికీ పాకింది.

లాంచెస్టర్ బిళ్ళ మాత్రం వెనకబడింది. కార్లన్నీ డ్రమ్ము దారి పట్టాయి. 1953లో ఫ్రాన్సులోని ల మాన్ పందెంలో జాగ్వార్ కారు డిస్క్ బ్రేకులతో గెలిచాకే ప్రపంచం మళ్ళీ ఆ బిళ్ళ వైపు చూసింది. అప్పటికి లాంచెస్టర్ పోయి ఏడేళ్ళు.

మెకానిక్కు చెవి

రాతినార వచ్చినంత మాత్రాన బ్రేకులన్నీ నోరు మూసుకోలేదు. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి కారుకు పెడల్ బ్రేకు గేరు పెట్టె లోపల, నూనెలో మునిగి ఉండే నూలు పట్టీ. అది అరిగి గట్టిపడితే కారంతా గడగడలాడేది. చేతి బ్రేకు షూలు చాలా ఏళ్ళు లైనింగు లేని పోత ఇనుమువే. ఇనుము ఇనుమును రాసుకుంటే వచ్చే సంగీతం వేరే చెప్పాలా?

1920ల్లో నాలుగు చక్రాలకూ బ్రేకులు రావడం మొదలైంది. ఒకచోట వచ్చే కీచు నాలుగు చోట్ల నుంచి రావడమూ మొదలైంది. అచ్చుకొట్టిన పల్చని ఉక్కు డ్రమ్ములు గంటల్లా మోగేవి. 1938 నాటికి బ్రిటన్‌లో మిల్స్ అనే ఇంజనీరు ఈ ఒక్క కీచు మీదే పరిశోధన నివేదిక రాయాల్సి వచ్చింది. వేగం తగ్గేకొద్దీ పట్టు పెరిగే లైనింగే ఎక్కువ అరుస్తుందని ఆయన తేల్చాడు. తడి వేలు, గ్లాసు అంచు గుర్తున్నాయి కదా, అదే సంగతి.

పుస్తకాలు రాకముందే మెకానిక్కులు ఈ రోగానికి తమ వైద్యం కనిపెట్టుకున్నారు. పాత కార్లను ప్రాణంలా చూసుకునేవాళ్ళు ఇవాళ్టికీ అదే వరసలో వెళ్తారు. ముందు చెవి. బ్రేకు వేసిన మొదట్లోనే అరుస్తోందా, బండి ఆగబోయే ముందు అరుస్తోందా? తడిసిన పొద్దుటి పూట మాత్రమే అయితే అది రోగం కాదు, తుప్పు పొర. రెండుసార్లు బ్రేకు వేస్తే పోతుంది. చక్రం తిరిగినప్పుడల్లా ఒకేచోట గీరుతుంటే లైనింగు అరిగి రివెట్టు తల పైకి వచ్చిందన్నమాట. అది అరుపు కాదు, హెచ్చరిక. ఆ బండిని ఆ రోజు రోడ్డెక్కించకూడదు.

తర్వాత డ్రమ్ము విప్పుతారు. లైనింగు అద్దంలా మెరుస్తుంటే గ్లేజు పట్టినట్టు. ఆ మెరుపును గీకేస్తారు. ఇరుసు నుంచి గ్రీజు కారి లైనింగు తడిస్తే గీకి లాభం లేదు, లైనింగే మార్చాలి. ముందు కారే చోటు మూయాలి, లేకపోతే కొత్త లైనింగు కూడా నెల తిరక్కుండా తడుస్తుంది. షూ తిరిగే మేకు వదులైందా, స్ప్రింగు సాగిందా, లైనింగు షూకు అంటీ అంటనట్టు ఉందా అని ఒక్కొక్కటీ చేత్తో కదిపి చూస్తారు. వదులుగా ఉన్న ప్రతి చోటూ అదురుకు ఊయల. లైనింగు ముందంచును కాస్త వాలుగా చెక్కుతారు. ఆ పదునైన అంచు డ్రమ్మును కొరికి వదలడంతోనే చాలాసార్లు కీచు మొదలవుతుంది. వీటన్నిటి తర్వాతా మోగితే డ్రమ్ము గుండ్రదనం కొలుస్తారు. కొందరు డ్రమ్ము చుట్టూ స్ప్రింగు పట్టీ బిగిస్తారు. జేగంట మీద వేలు ఆనించడం లాంటిదే అది.

ఈ వరసలో నాకు నచ్చేది ఒకటుంది. చప్పుడును ఎవరూ నేరుగా చంపరు. అది ఎక్కడి నుంచి వస్తోందో వెతుకుతూ వెనక్కి వెళ్తారు. బెర్తా చేసిందీ, ఫ్రూడ్ చేసిందీ ఆ పనే.

దుమ్ము

ఇక్కడితో ఈ కథ ముగిస్తే బాగుండేది. కానీ చెప్పాల్సింది ఇంకా ఉంది.

లైనింగు అరుగుతుంది. అరిగినది ఎక్కడికి పోతుంది? దుమ్మవుతుంది. ఇక ఆ లైనింగు తయారవడానికి ముందు ఎవరో రాతినారను దువ్వాలి, వడకాలి, నేయాలి. అక్కడ కూడా దుమ్మే.

చాపెల్-ఎన్-లె-ఫ్రిత్‌కు ఉత్తరాన రోచ్‌డేల్ అనే నేతల పట్నం ఉంది. అక్కడి ఒక మిల్లులో నెల్లీ కెర్షా రాతినారను దారంగా వడికేది. అలాంటి దారంతోనే బ్రేకు లైనింగులు కూడా నేసేవారు. చిన్న వయసులోనే మిల్లు పనికి వెళ్ళిన ఆమెకు ఊపిరి ఆడడం కష్టమైంది. పని మానుకుంది. జబ్బు పని వల్లే వచ్చిందని డాక్టరు రాసిచ్చినా పరిహారం దక్కలేదు. 1924 మార్చి 14న కన్నుమూసింది. వయసు 33. ఆమె ఊపిరితిత్తులను పరీక్షించిన డాక్టర్ విలియం కుక్ వాటిలో రాతినార ముక్కలు చూశాడు. అదే ఏడాది బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. రాతినార పని వల్ల చనిపోయినట్టు వైద్య పత్రికకెక్కిన మొదటి మనిషి ఆమె. ఆమెను పాతిపెట్టిన చోట పేరున్న రాయి కూడా వేయలేదు.

1931లో బ్రిటన్‌లో మిల్లుల దుమ్ము మీద తొలి నిబంధనలు వచ్చాయి. తెల్ల రాతినార మీద నిషేధం రావడానికి 1999 దాకా పట్టింది. యూరోపియన్ యూనియన్ అంతటా 2005 నుంచి అమలయింది. కీచు ఆగిన 1907 నుంచి లెక్కపెడితే బ్రిటన్‌కే తొంభై రెండేళ్ళు. ఇన్నేళ్ళూ ఆ నార చప్పుడు లేకుండా పనిచేసింది, చప్పుడు లేకుండానే ఊపిరితిత్తుల్లోకి చేరింది.

ఇందులో ఫ్రూడ్‌ను నిందించాలని నాకు లేదు. గుర్రాలు బెదరకుండా, బండ్లు లోయల్లో పడకుండా చూడాలని వాగు ఒడ్డున ఏళ్ళ తరబడి కూర్చున్న మనిషి అతను. వాలు మీద ఆగిన ప్రతి బండిలోనూ అతని శ్రమ ఉంది. కానీ నెల్లీ పేరు కూడా అదే కథలో ఉండాలి. బ్రేకు అరిచినప్పుడు వీధి వీధంతా విన్నది. ఆమె దగ్గు మిల్లు గోడ దాటి రాలేదు. వినిపించిన రోగానికి అయిదేళ్ళలో మందు దొరికింది. వినిపించని రోగానికి ఒక జీవితకాలం దాటింది.

ఇప్పటి మంచి లైనింగుల్లో రాతినార లేదు. అయినా పాత కార్లలో, ఏనాటివో తెలియని విడిభాగాల్లో అది ఇంకా ఉండవచ్చు. మన మెకానిక్ షెడ్లలో డ్రమ్ము విప్పగానే ఎయిర్ పైపు తీసుకుని లోపలి దుమ్మును బుస్సుమని ఊదే కుర్రాళ్ళు కనిపిస్తూనే ఉంటారు. ముఖానికి గుడ్డ కూడా ఉండదు. నల్లటి పొడి మబ్బులా లేచి మెల్లగా వాళ్ళ భుజాల మీద దిగుతుంది.

మీ బండి బ్రేకు కీచుమంటోందని షెడ్డుకు తీసుకెళ్తే, డ్రమ్ము విప్పేటప్పుడు దగ్గర నిలబడండి. "బాబూ, ఊదకు. తడిగుడ్డతో తుడువు" అని చెప్పండి. అవసరమైతే మీరే గుడ్డ తడిపి అందించండి. ఆ గుడ్డను కవరులో వేసి మూట కట్టించండి. రెండు నిమిషాల పని.